రెండో అక్షరం దొరికితే

బడిలో వల్లెవేసిన పద్యాన్ని ముప్పై ఏళ్ల తర్వాత అందుకోబోతే చాలామందికి ఎత్తుగడ తట్టదు. మధ్యలో ఓ అరపాదం, చివర మకుటం, మాస్టారు చదివించిన రాగం మాత్రం మిగిలి ఉంటాయి. పాత పుస్తకాల వెనక ఉండే పద్యాల అకారాది సూచిక మొదటి మాట తెలిసినవారికే పనికొస్తుంది కాబట్టి, ఇక ఆ పద్యం పోయినట్టేనని వదిలేస్తారు. అంత తొందర అక్కర్లేదు. మనసులో నిలిచిన ఆ తునకలు పద్యాన్ని బిగించి కట్టిన ముడులే. ‘సుమతీ’ అన్న పిలుపు గుర్తుంటే వెతకాల్సింది కందాల్లో; ‘దాశరథీ’ అని ఉంటే ఉత్పలమాల, చంపకమాలల్లో; నరసింహ శతకమైతే సీసాల్లో. శతకం తెలిసిందంటే వెతుకులాట నూరు పైచిలుకు పద్యాలకు తగ్గిపోయినట్టే.

మకుటం లేని పద్యానికి ప్రాసే దిక్కు. కందంలోనూ, మనం బడిలో చదివే వృత్తాల్లోనూ నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండాలి. ఒక పాదం మొదలు గుర్తొచ్చి రెండో అక్షరం ‘ల’ అని తేలితే, మరిచిపోయిన మూడు పాదాల్లోనూ ఆ చోట లకారమే ఉంటుంది. ‘క్త’ లాంటి సంయుక్తమైతే మరీ మంచిది, అలాంటి ప్రాస ఉన్న పద్యాలు తక్కువ. ఇంకా లోతుకు వెళ్లొచ్చు. గుర్తున్న పాదాన్ని వేళ్ల మీద లెక్కపెడితే 17 అక్షరాలే వచ్చాయనుకుందాం. నడక చూస్తే ఒక గురువు, రెండు లఘువులతో మొదలై ఉత్పలమాలలా ఉంది. దానికి పాదానికి 20 అక్షరాలు, అంటే మూడు జారిపోయాయి. మొదటి అక్షరానికి పదో అక్షరంతో యతి కుదరాలి కాబట్టి, మన పదో అక్షరం కుదిరితే కంత ఆ తర్వాత ఉంది. పదోది కుదరక ఏడోది కుదురుతోందంటే మూడూ ముందు సగంలోనే పోయాయి.

గణాల పేర్లే భయపెట్టాయి, ఈ లెక్కలన్నీ ఎవరికొస్తాయి అనవచ్చు. పేర్లు అవసరం లేదు. పొట్టిగా పలికేదీ సాగదీసేదీ చెవికే తెలుస్తుంది. ఫోన్‌లో ఓ మాట కొడితే దొరకదా అన్నది గట్టి ప్రశ్నే. దొరుకుతుంది, కానీ మనం విడదీసి కొట్టిన మాట పద్యంలో సంధిలో కలిసి ఉంటే దొరకదు. కృత్రిమ మేధను అడిగితే లేని పద్యాన్ని కూడా అల్లి ఇవ్వగలదు. అలాంటప్పుడు పట్టిచ్చేది మళ్లీ యతిప్రాసలే. అయితే ఈ పద్ధతికి హద్దులున్నాయి. వేమన ఆటవెలదులకు ప్రాస నియమం లేదు, పైగా ఒక్కో రాతప్రతిలో ఒక్కో పాఠం. 1829లో బ్రౌన్ వాటిని అచ్చు వేయించేనాటికే ఆ తేడాలున్నాయి. గురజాడ ముత్యాలసరానికి మూడూ నాలుగు మాత్రల నడకైనా ఉంది, వచన కవితకు అదీ లేదు. దానికి మాత్రం ఏ యేడు ఏ తరగతి చదివారన్నదే ఆధారం. ఆనాటి తెలుగు వాచకం ఎవరింటి అటక మీద ఉందో అడిగి తెలుసుకోవాలి.