నెత్తుటి చుక్క ఏం చెబుతుంది?

దసరా సెలవులకు ముందు మన వరండాలో నెత్తుటి చుక్కలు కనబడి ఎంత గొడవయ్యిందో మీకందరికీ ఎరుకే. ఎనిమిదో తరగతి తమ్ముణ్ణి నేనే కొట్టానన్నారు. వేడి చేసి ముక్కులోంచి కారిందని వాడు చెప్పినా ఎవరూ వినలేదు. వార్డెన్ సారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సెలవుల్లో నాచారంలో ఫ్యాక్టరీ పని చేసే మామయ్య దగ్గరికి పోయాను. ఉప్పల్ రింగు రోడ్డు మీద వెళ్తుంటే ఆయన ఒక పెద్ద భవనం చూపించి, "నెత్తురు ఎవరిదో ఇక్కడ తేలుస్తారు. ఇది ముందు మా నాచారంలోనే ఉండేది" అన్నాడు. అది సీడీఎఫ్‌డీ, అనగా డీఎన్ఏ పరీక్షల కేంద్రం. మరి ఆ నెత్తురు ఎలా పడిందో? అది మామయ్యకు తెలియదు. బడికి వచ్చాక సైన్సు సారును అడిగాను.

జారే చుక్క బొమ్మల్లో గీసినట్టు కోడిగుడ్డులా, తోకతో ఉండదట. తలతన్యత వల్ల గాలిలో గుండ్రని బంతిలాగే ఉంటుంది. నిలువుగా పడితే మరక గుండ్రంగా, ఏటవాలుగా తగిలితే పొడుగ్గా అవుతుంది. తోక ఉంటే అది చుక్క పోయిన దిక్కును చూపుతుంది. మరక వెడల్పును పొడవుతో భాగిస్తే తగిలిన కోణానికి సైన్ విలువ వస్తుంది (పదో తరగతి అన్నలకు ఇది తెలుసు). తోకను మాత్రం కొలవకూడదు. నెత్తురు నీళ్ళకన్నా చిక్కన గనుక, ఎర్ర సిరాలో గంజి కలిపి నేనే చేసి చూశాను. పరీక్ష అట్టను 60 డిగ్రీలు ఎత్తి చుక్క వేస్తే వెడల్పు 6, పొడవు 12 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే సగం. కోణం 30 డిగ్రీలు! గరుకు గచ్చు మీద వేస్తే అంచులు ముళ్ళు ముళ్ళుగా లేచాయి.

ఎవరిదో తేల్చడం వేరే పని. ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి డీఎన్ఏను తెల్లకణాల నుండి తీస్తారు. ఉప్పల్ రోడ్డులోనే ఉన్న సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారు 1988లో మన దేశానికి ఆ పద్ధతి తయారు చేశారు. దానికి పనికొచ్చింది పసుపు నలుపు పట్టీల కట్లపాము డీఎన్ఏ. ఆ పాముకు శాస్త్రజ్ఞులు పెట్టిన 'బుంగారస్' పేరు మన 'బంగారు' నుండే పుట్టింది!

అయితే మరకలు అన్నీ చెప్పవు. వాటిని చదవడంలో అనిశ్చితి చాలా ఎక్కువని 2009లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ నివేదిక హెచ్చరించింది. మన వరండా చుక్కలు గుండ్రంగా, మంచం నుండి నల్లా దాకా ఒక్కొక్కటిగా ఉన్నాయి. గోడ మీద ఒక్కటీ లేదు. అవి తిన్నగా కిందికి కారాయని మాత్రం అనగలం. ముక్కు ఎందుకు కారిందో అవి చెప్పవు. అది తమ్ముణ్ణే అడగాలి.

నా సిరా చుక్కల కాగితం ఈ పత్రిక కిందనే అంటించాను. స్కేలు పెట్టి కొలుచుకోండి.