గుప్పెడు మట్టి, దోసెడు బంతిరెక్కలు

రాజమహేంద్రవరంలో ఒక చిన్న ప్లేస్కూల్లో ఏడాదిన్నర దాటి మూడేళ్లు నిండని పిల్లల గది నాది. 12 మంది పిల్లలు, నేను, ఒక ఆయమ్మ. నాలుగేళ్ల కిందట భోగికి ముందు రోజు అందరినీ పీటల మీద వరసగా కూర్చోబెట్టి భోగిపళ్లు పోశాం. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర, బంతిరెక్కలు. తల్లులంతా ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. మిగతా పిల్లలు కొందరు ఏడుస్తున్నారు, కొందరు లేచి పరిగెడుతున్నారు. ఒక పిల్ల మాత్రం కిక్కురుమనకుండా కూర్చుంది. ఎంత బుద్ధిగా కూర్చుందో అనుకున్నాను.

ఆయమ్మ అలా అనుకోలేదు. ఒక్క ఉదుటున వచ్చి పిల్లను ఒళ్లో బోర్లా వేసుకుని, తల కిందికి ఉండేలా వంచి, వీపు మీద చరిచింది. మూడో దెబ్బకు శనగగింజ ఊడి నేల మీద పడింది. అప్పుడు ఏడ్చింది పిల్ల. ఆ ఏడుపు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

గొంతుకు ఏదైనా పూర్తిగా అడ్డం పడితే పిల్ల అరవనూ లేదు, దగ్గనూ లేదు. ఆ సంగతి పిల్లల్ని చూసేవాళ్లందరికీ తెలిసి ఉండాలి. ముందు వీపు మీద, రెండు భుజాల రెక్కల మధ్య ఐదు దెబ్బలు. అప్పటికీ రాకపోతే, ఏడాది దాటిన పిల్లయితే వెనకనుంచి చేతులు చుట్టి బొడ్డుకు కాస్త పైన లోపలికీ పైకీ నొక్కాలి. కనిపించనిదాని కోసం నోట్లో వేలు పెట్టి వెతక్కూడదు, అది ఇంకా లోపలికి పోతుంది.

అప్పటినుంచి ఏ పండగైనా రెండు వారాల ముందే ఆయమ్మా నేనూ కూర్చుంటాం. గదిలోకి ఏమేం వస్తాయో ఒక్కొక్కటీ చెప్పుకుంటాం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడతారు. దాని వ్యాసం 3.17 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేదేదీ వాళ్ల చేతికి ఇవ్వకూడదు. రూపాయి బిళ్ల నుంచి పది రూపాయల బిళ్ల దాకా మన నాణేలన్నీ అందులో పట్టేస్తాయి. రేగుపండూ అంతే, గింజ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ప్రమాదాల లెక్క తేలాక అసలు పని మొదలవుతుంది. వినాయకుడి పుట్టుక కథ, నరకాసురుడి కథ మనకు ముద్దు. రెండేళ్ల పిల్లకు ‘రేపు’ అన్న మాటే ఇంకా సరిగా అందదు. కథ చెబితే మన మొహం వంక చూస్తుంది గానీ దాని ధ్యాసంతా చేతిలో ఉన్నదాని మీదే. అందుకే మా గదిలో పండగకు ఒకే వస్తువు. చవితికి మట్టి, సంక్రాంతికి పూలు, రంజానుకు సేమ్యా. ఆ ఒక్కటే వారం పది రోజులు రోజూ కాసేపు ముందు పెడతాం. పండగ రోజుతో ఆపేయం. ఈ వయసువాళ్లు మళ్లీ మళ్లీ చేస్తేనే అది వాళ్లదవుతుంది. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మూడేళ్ల లోపు పిల్లల కోసం తెచ్చిన ‘నవచేతన’ మార్గదర్శిక కూడా పెద్దవాళ్ల మాటా ఆటా తోడుగానే ఈ పిల్లలు ఎదుగుతారంటుంది.

మట్టి గురించి కాస్త చెప్పాలి. కుమ్మరి దగ్గర మెత్తటి మట్టి తెచ్చుకుంటాం. రాళ్లూ గాజుముక్కలూ లేకుండా ఆయమ్మ రాత్రే పిసికి తడిగుడ్డ కప్పుతుంది. మొదటి రోజు సగం మంది ముట్టుకోరు. కిందటి చవితికి ఒక పిల్లవాడు చూపుడువేలి కొసతో తాకి, వేలి వంక చూసుకుని, నా చీరకు తుడిచేశాడు. రెండో రోజు పొడిచి చూశాడు. మూడో రోజు గుప్పెడు తీసుకుని నేలకేసి కొట్టాడు, ఆ చప్పుడు నచ్చి పదిసార్లు కొట్టాడు. నాలుగో రోజు ఎలాగో ఒక ఉండ అయింది. దాన్ని అరచేత్తో నిమిరి, తన చొక్కా ఎత్తి పొట్ట చూసుకుని ‘బొజ్జ’ అన్నాడు. వాడికి అప్పటికి వచ్చిన మాటలు పట్టుమని పది లేవు.

సాయంత్రం వాళ్ల నాన్న ‘మేడమ్, మావాడు చేసిన వినాయకుడేడీ?’ అని అడిగారు. ఉండ చూపించాను. ఆయన మొహం చిన్నబోయింది. తొండం, చెవులు పెట్టి మేమే ఒక బొమ్మ చేసి వాడి చేతిలో ఉంచి ఫోటో తీసి పంపడం పెద్ద పని కాదు. మా గదిలోనూ ఒకప్పుడు అదే జరిగేది. అప్పుడు మట్టి పిసికింది మేము, పిల్లలు వంతుకోసం గోడవారన కూర్చున్నారు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చవితి నాటి పత్రి గదిలోకి రానివ్వను. 21 పత్రుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషమే, జిల్లేడు పాలు కంట్లో పడితే కంటికే ముప్పు. పూజగదిలో వాటి చోటు వాటిది. పిల్లలకు గరిక, మామిడాకు, మరువం చాలు. మరువం నలిపి వాసన చూడటం వాళ్లకు మహా ఇష్టం.

దీపావళికి బజారులో దొరికే బుల్లి ప్లాస్టిక్ దీపాలంటే నాకు టపాసుల కంటే భయం. లోపల బొత్తాం బ్యాటరీ ఉంటుంది. పిల్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. మేం కిటికీ తెరలు దించి, మూత మరబిగించిన టార్చిలైటు గోడ మీద తిప్పుతాం. ఆ వెలుగును పట్టుకోవాలని పిల్లలంతా గోడ వెంట పరిగెడతారు.

సంక్రాంతి నెలలో గంగిరెద్దు వస్తే గేటు లోపలే ఎత్తుకుని చూపిస్తాం. భయపడితే లోపలికి తీసుకుపోతాం. క్రిస్మస్ తాత ముసుగైనా అంతే. తెలిసిన మొహం ఒక్కసారిగా మాయమైతే ఈ వయసులో హడలిపోతారు. ‘ఏం కాదు, దగ్గరికి పో’ అని ఏ పిల్లనూ తోయం.

ఇప్పుడు భోగిపళ్లు మానేశామా అంటే, లేదు. కడియపులంక పూల మార్కెట్టులో బంతిపూలు తెస్తాం. మందు కొట్టి ఉంటారని రెండు నీళ్లు కడిగి, రెక్కలు తుంచడం పిల్లలకే వదిలేస్తాం. నాలుగు రోజులు అదే పని. మొదటి ఏడు ఒక నాయనమ్మ ఊరుకోలేదు. ‘రేగుపళ్లు లేకుండా భోగిపళ్లేంటమ్మా, దిష్టి ఎలా పోతుంది?’ అంది. శనగగింజ సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత రేగుపళ్లూ చిల్లరా కొంగున మూటగట్టి, ఆ మూటతోనే మనవరాలికి మూడుసార్లు దిష్టి తిప్పి, తల మీద పూలరెక్కలు పోసింది. మేమిప్పుడు అందరికీ అలాగే చేస్తున్నాం.

ఈ ఏడు కనుమ దాటి వారమైంది. ఆయమ్మ నేల తుడుస్తూ వంగితే ఒక పిల్ల చిన్న గిన్నెలో వాడిపోయిన రెక్కలు పట్టుకొచ్చి ఆవిడ తల మీద పోసింది. అది చూసి ఇంకొకడు వచ్చాడు. ఆయమ్మ తడిగుడ్డ పక్కన పెట్టి అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. 12 మందీ వంతులవారీగా పోశారు.