ఆదివారం మందిరం నిండుతుంది.. మరి ఆ స్థలం ఎవరి పేరు మీద ఉంది? ఏలూరు నుంచి ఆత్మకూరు దాకా పెంతెకొస్తు చర్చిల కథ ఇదీ

ఆదివారం పొద్దున. రేకుల షెడ్డు, కింద చాపలు, పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక డోలక్, ఒక మైకు. నంద్యాల జిల్లా ఆత్మకూరు లాంటి ఊళ్లలో పెంతెకొస్తు సంఘం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. ముందు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన, ఆ తర్వాత అద్దె గది, ఆ తర్వాత విశ్వాసులు తలా కొంత వేసుకుని కొన్న రెండు మూడు సెంట్ల స్థలం.

అంతా బాగానే ఉంటుంది. చిక్కు వచ్చేది పాస్టర్ గారు చనిపోయాకో, సంఘం రెండుగా చీలాకో. అప్పుడు అందరికీ ఒకటే ప్రశ్న గుర్తొస్తుంది. ఇంతకీ ఈ మందిరం ఎవరిది?

ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. దక్షిణ భారతంలో పెంతెకొస్తు ఉద్యమం సొంత దారి పట్టడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

అసలు పెంతెకొస్తు అంటే ఏంటి?

గ్రీకు భాషలో ఈ మాటకు అర్థం 'యాభయ్యవది'. యేసు పునరుత్థానం తర్వాత యాభయ్యవ రోజున శిష్యుల మీదకు పరిశుద్ధాత్మ దిగివచ్చిందని, వాళ్లు వేరే భాషల్లో మాట్లాడారని బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చెబుతుంది. ఆ అనుభవం ఇప్పటికీ దొరుకుతుందని నమ్మేవాళ్లే పెంతెకొస్తులు. భాషల్లో మాట్లాడటం, స్వస్థత ప్రార్థనలు, ఉపవాస కూటాలు, నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం.. ఈ సంఘాల్లో ముఖ్యంగా కనిపించేవి ఇవే.

ఆధునిక ఉద్యమం పేరు చెప్పగానే 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజుసా వీధిలో జరిగిన కూటాలు గుర్తొస్తాయి. వాటిని నడిపింది విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడు. ఆయన తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. అయితే అంతకు ఏడాది ముందే, 1905లో, పుణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో ఇలాంటి ఉజ్జీవమే వచ్చింది. అంటే ఇది పూర్తిగా అమెరికా నుంచి దిగుమతైన సరుకు కాదన్నమాట. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2011 అంచనా ప్రకారం ప్రపంచంలో పెంతెకొస్తులు దాదాపు 27.9 కోట్ల మంది.

కేరళలో గొడవ.. ఏలూరులో రిజిస్ట్రేషన్

అజుసా వీధి కూటాల ప్రభావంతో వచ్చిన అమెరికా మిషనరీ రాబర్ట్ కుక్ 1913లో భారత్‌లో అడుగుపెట్టారు. కేరళలో ఆయనతో కలిసి పనిచేసిన వారిలో కె.ఇ. అబ్రహాం ఒకరు. 1930లో ఇద్దరూ విడిపోయారు. కారణం? స్థానిక సంఘాల మీద పెత్తనం ఎవరిది, మందిరాలు, డబ్బులు ఎవరి చేతిలో ఉండాలి అన్నదే. స్థానిక సంఘం తన కాళ్ల మీద తాను నిలబడాలి, దానికి భారతీయులే నాయకులుగా ఉండాలి అన్నది అబ్రహాం వాదన.

ఆ బృందంలోని పి.ఎం. శామ్యూల్ 1930ల మొదట్లో తెలుగు ప్రాంతానికి వచ్చి ఏలూరులో పని మొదలుపెట్టారు. 1935లో ఇండియన్ పెంతెకొస్తు చర్చ్ ఆఫ్ గాడ్, అంటే ఐపీసీ, 1860 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయింది. ఎక్కడో తెలుసా? ఏలూరులో! కేరళలో వాళ్ల ప్రధాన కేంద్రం కుంబనాడ్ అప్పట్లో తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది. ఏలూరేమో బ్రిటిష్ ఇండియాలోని మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉంది. అలా దేశంలోని పెద్ద పెంతెకొస్తు సంస్థల్లో ఒకదాని పుట్టుక కాగితం తెలుగు నేల మీద తయారైంది.

సీమలో అప్పటికే చర్చిలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్, నంద్యాల వైపు ఆంగ్లికన్ల ఎస్‌పీజీ మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు అంతకు చాలా ముందే పనిచేశారు. బడులు, ఆసుపత్రులు కట్టారు. వాటి ఆస్తులు సంస్థల పేరు మీద ఉండేవి. అక్కడా తగువులు లేకపోలేదు. 1947లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు.

పెంతెకొస్తు సంఘాల దారి వేరు. ఐపీసీ లాంటి పెద్ద సంస్థలకు చెందినవి ఉన్నాయి. ఎవరి కిందా లేని స్వతంత్ర సంఘాలూ ఉన్నాయి. పిలుపు వచ్చిందని నమ్మిన కూలీ మనిషి కూడా పాస్టర్ కావచ్చు. పైనుంచి జీతం రాదు, కానుకలు, దశమ భాగాలతోనే బండి నడవాలి. పెద్ద చర్చిలు చేరని కాలనీల్లోకి ఈ సంఘాలు చేరడానికి ఇదే కారణం. కాగితాలు అడిగే పైఆఫీసు లేకపోవడానికీ ఇదే కారణం.

పేరు రాయించుకోవడానికి వెనకడుగు ఎందుకు?

దీని వెనక ఇంకో చిక్కుముడి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఏపీలో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సీ కిందకు వస్తారు, అక్కడ రిజర్వేషన్ 1 శాతమే. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేరని 2025లో ఏపీ హైకోర్టు కూడా చెప్పింది.

అందుకే ప్రతి ఆదివారం మందిరానికి వచ్చేవాళ్లలో కొందరు సభ్యత్వ పుస్తకంలో, కమిటీలో పేరు పెట్టించుకోవడానికి జంకుతారు. కమిటీ లేకపోతే రిజిస్ట్రేషన్ లేదు. రిజిస్ట్రేషన్ లేకపోతే స్థలం ఎవరో ఒకరి సొంత పేరు మీదకే వెళ్తుంది.

మరి సంఘం ఏం చూసుకోవాలి?

మొదటిది, స్థలం ఈసీ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయిస్తే అది ఎవరి పేరు మీద ఉందో తెలిసిపోతుంది. పాస్టర్ గారి సొంత పేరు మీద ఉంటే, ఆయన తర్వాత అది వారసులకు వెళ్లే ఆస్తి. చందాలు వేసింది సంఘమే అయినా, అది నిరూపించడానికి రశీదులు కావాలి.

రెండోది, స్థలం రకం. డీకేటీ పట్టా, అసైన్డ్ భూమి అయితే అమ్మకాలు, కొనుగోళ్ల మీద 1977 చట్టం ఆంక్షలు ఉంటాయి. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం అక్కడ నిలబడదు.

మూడోది, సొసైటీ. 2001 ఏపీ సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏటా సమావేశం పెట్టి, కమిటీ జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. మొదటి ఏడాది ఇచ్చి తర్వాత వదిలేస్తే, తగువు వచ్చిన రోజు అసలు కమిటీ ఎవరన్నదే తేలదు.

పాస్టర్ గారు బతికి ఉండగా ఈ మాట ఎత్తడం చాలామందికి మొహమాటం. అనుమానించినట్టు అవుతుందేమోనని భయం. కానీ 1930లో అబ్రహాం అడిగిందీ ఇదే. సంఘం కట్టుకున్న మందిరం సంఘం చేతిలోనే ఉండాలన్నారు. ఐదేళ్ల తర్వాత ఏలూరులో రిజిస్టర్ చేయించినవాళ్లు కూడా తాము బతికుండగానే ఆ పని చేశారు.