పెట్రోలు టాంకికి మాటు వేయుట

మహానంది కోనేటిలోని నీరు ఎంత నిర్మలమైనదో చూచినవారికి చెప్ప పనిలేదు. అడుగున పడిన గుండుసూది సైతం కనబడునని ప్రతీతి. ఊటల నుండి ఎంత నీరు లోనికి చేరునో అంత నీరు వెలుపలికి పోవుచునే ఉండును. మట్టం మాత్రం మారదు. ఆ పోయిన నీటితోనే చుట్టుపట్ల అరటితోటలు పచ్చగా ఉన్నవి. కారుట వలన మేలు చేయు జలాశయమది. మేము అక్కడికి ప్రయాణం చేసిన కారు టాంకి మాత్రం అటువంటిది కాదు.

అది 1968 నాటి అంబాసడర్. మా సహాధ్యాపకులొకరికి తండ్రిగారి నుండి సంక్రమించినది. వారి కుటుంబంతో కలిసి నంద్యాల నుండి బయలుదేరి, నల్లమల అంచున ఉన్న ఆ క్షేత్రం చేరినాము. వారు దర్శనానికి వెళ్ళగా మేము కారు వద్దనే ఉన్నాము. వారి చిన్న కుమారుడు వెనుక సీటులో నిద్రించుచున్నాడు. ఇంతలో పెట్రోలు వాసన ముక్కుకు సోకినది. వంగి చూడగా డిక్కీ క్రింద నేలపై అరచేతి వెడల్పు తడి! ప్రక్కనే ఒక పెద్దాయన బీడీ ముట్టించబోవుచుండగా వారించి, పిల్లవానిని ఎత్తుకొని దూరంగా పోయి నిలిచినాము. ఆ క్షణంలో కలిగిన భయమే మాచే ఈ వ్యాసం వ్రాయించుచున్నది.

పెట్రోలు ద్రవం కంటె దాని ఆవిరి ప్రమాదకరమైనది. మంచు గడ్డకట్టు చలిలో కూడ అది ఆవిరి నిచ్చుచునే ఉండును. ఆ ఆవిరి గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువు. కనుక పైకెగిరి పోక నేల వెంబడి ప్రాకి, పల్లములలో నిలుచును. కంటికి కనబడదు. దూరాన ఉన్న నిప్పు కూడ దానికి చాలును.

ఆనాడు మమ్ము గట్టెక్కించినది బట్టల సబ్బు. అంగడిలో ఒక బిళ్ళ కొని, రవ్వంత నీటితో పిసికి ముద్ద చేసి, కారుచున్న చోట బొటనవ్రేలితో అదిమినాము. కారుట నిలిచినది. ఇందులో వింత లేదు. సబ్బు నీటిలో కరగునే కాని పెట్రోలులో కరగదు. అయితే ఒక్క వాన కురిసినచో అది కొట్టుకొని పోవును. ఇంటికి చేరుటకు పనికివచ్చును. మరమ్మతు అనుటకు వీలులేదు. అంగళ్ళలో దొరకు ఎంసీల్ వంటి రెండు ముద్దల జిగురు ఇంతకన్న గట్టిదే గాని, పెట్రోలు తడి ఉన్న రేకును అది పట్టుకొనదు. రంగును గీకి, ఆరబెట్టి, మెరుగు తేలిన రేకుపై అంటించిననే నిలుచును.

నంద్యాలలో ఒక షెడ్డుకు చేరినాము. పనిచేయు కుర్రవాడు టాంకిని విప్పి, పెట్రోలంతా డబ్బాలోనికి దింపి, గ్యాసు వెల్డింగుకు సిద్ధపడినాడు. "ఖాళీ చేసినాం గదా సార్, పది నిముషాల పని" అన్నాడు. అంతలో మూలన కూర్చున్న ఒక వృద్ధుడు లేచి వచ్చినాడు. ఆయన ఒకప్పుడు వీధులు తిరిగి పాత్రలకు కళాయి పూసి, మాట్లు వేసినవాడు.

"అరే, ముందు ఆ గ్యాసు ఆర్పు! నిండు టాంకి మండుతాది, ఖాళీ టాంకి పేలుతాది" అన్నాడు.

"ఖాళీదానికి అంత భయమెందుకు చాచా?" అని అడిగినాము.

"ఖాళీ అని నువ్వంటాండావు సారూ. వాసన పోయిందా?"

చదువుకొన్న మాకు తట్టనిది ఆయనకు తెలిసినది. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు 1.4 పాళ్ళకు తక్కువైనను, 7.6 పాళ్ళకు మించినను అంటుకొనదు. నిండు టాంకిలో ద్రవంపై ఉండు కొద్ది చోటున ఆవిరి మిక్కుటమై గాలి చాలదు. ఖాళీ చేసినపుడు అడుగున మిగిలిన గరిటెడు పెట్రోలు ఆవిరియై, లోనికి వచ్చిన గాలితో కలిసి, సరిగ్గా ప్రేలుటకు తగిన పాళ్ళకు చేరును. వెల్డింగు వలన ప్రాణాలు పోయిన సందర్భాలలో తరచు జరుగునది ఇదే.

ఆ వృద్ధుడు చేసిన పని రెండు దినాలు పట్టినది. వేడినీటిలో బట్టలసోడా కలిపి టాంకిలో పోసి, కుదిపి, పారబోసి, మరల పోసి, ఇట్లు పలుమార్లు కడిగినాడు. పిమ్మట బోల్టు నట్లు గుప్పెడు లోన వేసి గలగల లాడించగా ఎర్రని త్రుప్పు నీరు వెడలినది. అప్పుడు మాకు వ్యాధి మూలం తెలిసినది. చిల్లి వెలుపల కనబడినను పుట్టినది లోపలనే. పగలు కాగి రాత్రి చల్లబడు టాంకి గాలిని పీల్చి విడుచుచుండును; ఆ గాలిలోని తేమ రేకుపై చెమర్చి నీరగును. పెట్రోలుకన్న బరువైనది కావున నీరు అడుగుకు దిగి అక్కడనే నిలిచి, తగరము సీసము కలిసిన పూత చెడినచోట రేకును తినివేయును. నెలల తరబడి కదలక సగం టాంకితో నిలిచిన కారుకు ఈ బాధ ఎక్కువ.

దీనికి నేటి పెట్రోలు మరొకటి తోడైనది. మన దేశంలో 2022 నాటికి పెట్రోలులో నూటికి 10 పాళ్ళు, 2025 నాటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపినారు. ఇథనాలు తేమను పీల్చును. హద్దు మీరినపుడు నీటితో కూడి అడుగుకు దిగును. ఏండ్లుగా పేరుకొని చిన్న చిల్లులను మూసియుంచిన జిడ్డును కూడ కరిగించును. పాత రబ్బరు గొట్టములకు, బెండు వాషర్లకు సైతం అది పడదు. కనుక తడి కనబడగానే టాంకిని నిందింపక, గొట్టాల కీళ్ళను, పెట్రోలు ముల్లు అమర్చిన చోటును ముందు చూడవలెను. ఆరిన రేకుపై సుద్దపొడి రాచినచో తడి ఎక్కడ మొదలైనదో అదే చెప్పును.

తరువాత టాంకిని బోర్లించి, చిల్లి పైకి వచ్చునట్లు నిలిపి, దాదాపు అంచు వరకు నీరు నింపినాడు. ఆవిరికి చోటే లేకుండ చేయుట అందలి రహస్యం. జింకు ముక్కలు కరిగించిన ఆమ్లంతో రేకును శుభ్రపరచి, ఇత్తడి బిళ్ళ నుంచి, ఆరుబయట దూరాన కొలిమిలో కాచిన రాగి కడ్డీతో టంకం పారించినాడు. టంకం సుమారు 183 డిగ్రీల వేడికే కరగును. గ్యాసు మంట మూడువేల డిగ్రీలు. పని ముగిసిన పిదప ఆ ఆమ్లపు జాడ లేకుండ కడిగినాడు. లేనిచో అదియే క్రొత్త చిల్లి వేయును.

క్రొత్త టాంకి బిగించరాదా అని మిత్రులు కొందరన్నారు. అంబాసడర్ తయారీ 2014లో నిలిచినది. పైగా 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏబది ఏండ్లు దాటి, అసలు రూపు చెడని బండినే వింటేజి వాహనంగా నమోదు చేయుదురు. మాట అటుంచి, తండ్రి వాడిన వస్తువును బాగుచేసి వాడుకొనుటలో ఉన్న తృప్తి వేరని మా అభిప్రాయం.

బిగించునపుడు వృద్ధుడు మూతలోని సన్నని గాలిరంధ్రంలో సూది గ్రుచ్చి చూచినాడు. అది మూసికొనినచో టాంకిలో గాలి చాలక ఇంజను దారిలో ఆగును. తెలియనివారు పంపును విప్పుదురు. ఆ పిమ్మట టాంకి నింపి, మాటుపై సుద్ద రాచి, రాత్రంతా ఆరుబయట నిలిపినాము. తెల్లవారి చూడగా సుద్ద తెల్లగనే ఉన్నది.