కుడియెడమల మందులు

కుడికాలి చెప్పులో ఎడమకాలు పెట్టి నడువబోయినవానికి ఒక్క అడుగులోనే తేడా తెలియును. రెండు చెప్పులకును తోలు ఒకటే, బరువు ఒకటే, కుట్టు ఒకటే. కాని ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబము. అణువులలోను ఇట్టి జంటలు గలవు. ఒక కర్బన పరమాణువునకు నాలుగు వేర్వేరు పరమాణువులు గాని పరమాణు సమూహములు గాని అంటియున్నప్పుడు, వానిని రెండు విధములుగా అమర్చవచ్చును. రెండు రూపములకును ద్రవీభవన స్థానము ఒకటే, నీటిలో కరుగు గుణము ఒకటే. ధ్రువిత కాంతిని ఒకటి కుడికి త్రిప్పినచో రెండవది అంతే కోణముతో ఎడమకు త్రిప్పును. 1848లో లూయీ పాశ్చర్ టార్టారికామ్లపు లవణ స్ఫటికములలో ఈ రెండు ఆకారములను గుర్తించి, చేతితో ఏరి వేరుచేసెను.

ఈ భేదము ప్రయోగశాలలోని వింతగానే ఉండిపోయినచో మందుల తయారీదారులకు చింత లేకపోవును. కాని మన దేహములోని ప్రోటీనులు ఎడమచేతి అమైనో ఆమ్లములతో నిర్మితములైనవి. వానిలోని గుంటలు కూడ చెప్పులవలెనే ఒక ప్రక్కవి. మందు అణువు ఆ గుంటలో ఇమిడిననే పనిచేయును. పార్కిన్‌సన్ వ్యాధిచే కాలుసేతులు వణకి బిగుసుకొనిపోవు రోగులకు జార్జ్ కోట్జియాస్ అను వైద్యుడు 1967లో రెండు రూపములును కలిసిన డోపాను అధికమైన మోతాదులలో ఇచ్చి మేలు గాంచెను. అయితే కొందరిలో ఒక రకపు తెల్లరక్తకణములు తగ్గెను. తరువాత ఎడమ రూపమైన ఎల్-డోపాను మాత్రమే ఇచ్చినప్పుడు తక్కువ మోతాదుతోనే గుణము కనిపించెను.

అట్లయినచో ప్రతి మందును ఒక్క రూపముననే తయారుచేయరాదా అని విద్యార్థి అడుగవచ్చును. చిక్కు అచ్చటనే యున్నది. మామూలు చర్యలో, బల్లపరుపుగా నున్న అణువును కారకము పైనుండి గాని క్రిందినుండి గాని సమానమైన అవకాశముతో తాకును. నాణెములను ఎగురవేసినట్లు సగము బొమ్మలు, సగము బొరుసులు. ఈ సమమిశ్రమమును రెసిమిక్ మిశ్రమమందురు.

దీనిని విడదీయుట అవసరమా అని మొదట చూడవలయును. జ్వరమునకు, నొప్పులకు వాడు ఐబుప్రొఫెన్‌లో పనిచేయునది 'ఎస్' రూపము. కాని 'ఆర్' రూపములో చాలభాగమును దేహములోని ఎంజైములే 'ఎస్' రూపముగా మార్చివేయును. అందుచే అది ఎక్కువగా మిశ్రమముగనే అమ్ముడగుచున్నది. ఇట్టి మందును వేరుచేయుటకు రోగిచేత అదనపు ధర చెల్లింపజేయుట న్యాయమనిపించుకొనదు. డోపా విషయము వేరు. ఏ రూపము దేహములో ఏమి చేయునో తెలిసికొనక నిర్ణయింపరాదు గనుకనే, 1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి రూపము యొక్క గుణమును విడివిడిగా పరీక్షింపవలెనని సూచించినది.

విడదీయుటలో పాత పద్ధతి కరచాలనమును బోలినది. కుడిచేయి కుడిచేతితో చక్కగా కలియును, ఎడమచేతితో కలియదు. మిశ్రమముగా నున్న ఆమ్లమునకు ఒకే చేతివాటము గల క్షారమును కలిపినచో ఏర్పడు రెండు లవణములును ఇక ప్రతిబింబములు కావు. వాని కరుగు గుణములు వేరు. ఒకటి ముందుగా స్ఫటికమై క్రిందికి దిగును. ఇందలి లోపము సగము సరుకు పనికిరాకపోవుట. పది మెట్లు ఎక్కిన పిదప విడదీసినచో, ఆ పది మెట్లలోను చెడు సగము కొరకు పెట్టిన ఖర్చంతయు వ్యర్థమే.

ఆ వ్యర్థమును తప్పించుటకు మోన్‌శాంటో కంపెనీలో విలియం నోల్స్ రోడియము పరమాణువునకు చేతివాటము గల భాస్వర సమ్మేళనమును తగిలించి ఉత్ప్రేరకమును చేసెను. అది హైడ్రొజనును అణువునకు ఒక ప్రక్కనుండియే చేర్చును. ఎల్-డోపాకు ఇట్లు 95 శాతము ఆధిక్యము వచ్చినది. అనగా నూటికి 97.5 పాళ్లు కోరిన రూపము, 2.5 పాళ్లు రెండవది; రెండింటి తేడా 95. ఆ మిగిలిన కొద్దిపాటి మలినము స్ఫటికీకరణముతో పోవును. 2001లో నోల్స్, నొయోరి, షార్ప్‌లెస్ అనువారికి ఈ మార్గములకై నోబెల్ బహుమతి లభించినది.

ఇక పాత పద్ధతికి కాలము చెల్లినదనుకొనుట సహజము. కీళ్లనొప్పులకు వాడు నేప్రాక్సెన్ చరిత్ర అట్లు నడువలేదు. దీని 'ఎస్' రూపము జంతు పరీక్షలలో 'ఆర్' రూపముకంటె దాదాపు 28 రెట్లు శక్తి గలది. 1976లో సింటెక్స్ కంపెనీ దీనిని అమెరికా విపణిలో ప్రవేశపెట్టినప్పుడు సింకోనా బెరడునుండి వచ్చు సింకోనిడిన్‌తో విడదీసిరి. తరువాత దాని స్థానమున గ్లూకోజునుండి చేసిన చవుకైన గ్లూకమైను క్షారము వచ్చినది. అదియైనను సగమునకు సరిపడునంతే వేసి, తక్కిన సగమునకు చేతివాటము లేని మామూలు క్షారమును వేయుదురు. 'ఎస్' లవణము స్ఫటికమగును, 'ఆర్' ద్రావణములోనే నిలుచును.

అసలు నేర్పు ఇక్కడినుండి. నేప్రాక్సెన్‌లో చేతివాటము గల కర్బనము ఒక ప్రక్క ఆమ్ల సమూహమునకు, ఇంకొక ప్రక్క నాఫ్తలీన్ వలయములకు నడుమ నున్నది. అందుచే దానిపైనున్న హైడ్రొజను పట్టు సడలి యుండును. క్షారముతో వేడిచేసినచో ఆ హైడ్రొజను ఊడి, తిరిగి ఏ ప్రక్కనుండియైన చేరును; వదలివేయవలసిన 'ఆర్' రూపము మరల సమమిశ్రమమగును. దానిని మరల విడదీయుదురు. ఇట్లు తిరిగి తిరిగి నూటికి 95 పాళ్లకు పైగా కోరిన రూపమే చేతికి వచ్చును. గ్లూకమైను కూడ దాదాపు అంతయు తిరిగి దొరకును. చివరి మెట్టున విడదీయుట తప్పన్న సూత్రము ఇచ్చట వర్తింపదు.

నొయోరి రుథీనియము ఉత్ప్రేరకముతో ఇదే మందును 97 శాతము ఆధిక్యముతో చేసి చూపెను. అది సొగసైన చర్యయే. కాని వందకు మించిన అట్మాస్ఫియర్ల ఒత్తిడిని తట్టుకొను పాత్రలు, ఖరీదైన లోహము, వేరొక ప్రారంభ పదార్థము కావలెను. పెద్ద ఎత్తు ఉత్పత్తిలో అది పాత పద్ధతిని తొలగింపలేకపోయినది. హైదరాబాదు కేంద్రముగా గల దివీస్ లేబొరేటరీస్ నేడు నేప్రాక్సెన్‌ను అధికముగా తయారుచేయు సంస్థలలో ఒకటి.

అన్ని అణువులలోను హైడ్రొజను ఇంత సులభముగా ఊడిరాదు. మధుమేహమునకు 2006నుండి వాడుకలోనున్న సిటాగ్లిప్టిన్‌ను రోడియముతో చేసినప్పుడు 97 శాతము ఆధిక్యము వచ్చినది. రోగి ప్రతిదినము మ్రింగు మందు గనుక లోహపు జాడలను తొలగించుటకును, శుద్ధిని పెంచుటకును మరికొన్ని పనులు చేయవలసివచ్చెను. మెర్క్, కోడెక్సిస్ సంస్థలవారు ఒక ఎంజైమును తీసికొని చూడగా అంత పెద్ద అణువు దాని గుంటలో పట్టలేదు. జన్యువును మార్చుచు, మెరుగైనవానిని ఏరుచు, ఆ గుంటను పెద్దది చేసిరి. 2010లో వారు ప్రకటించిన ఫలితముల ప్రకారము ఆధిక్యము 99.95 శాతమును మించినది, దిగుబడి 10 నుండి 13 శాతము పెరిగినది, వ్యర్థములు 19 శాతము తగ్గినవి. అణువునకు నత్రజనిని అందించునది చవుకైన ఐసోప్రొపైలమైను. చర్యలో మిగులు ఎసిటోను ఆవిరియై పోవును. ఒత్తిడి పాత్రయు, రోడియమును అక్కరలేదు.