నొప్పి తెలియని పాదాలు

తెల్లవారుజామున మాణికేశ్వర్ నగర్ వైపునుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోకి వచ్చి చూడండి. ఆర్ట్స్ కళాశాల రోడ్డుమీద చెట్లక్రింద నడిచేవారు ఎందరో కనిపిస్తారు. వారిలో కొందరిని మధుమేహం ఉన్నదని వైద్యుడే నడకకు పంపి ఉంటాడు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం మన దేశంలో ఈ వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. వీరికి నడక మందువంటిది. కాని నడిచేది పాదాలతో గదా! ఆ పాదాలలో మధుమేహం తెచ్చే మార్పు తెలియకుండా నడిస్తే ఆ మందువల్లనే గాయం కావచ్చును.

చెప్పులో చిన్న గులకరాయి దూరిందనుకొందాం. రెండడుగులు వేసేలోగా ఆగి, చెప్పు విదిలించి, రాయిని పారవేస్తాము. అరికాలినుంచి మెదడుకు నాడులు వార్త చేర్చబట్టి ఇది జరిగింది. రక్తంలో చక్కెర ఏళ్లతరబడి హెచ్చుగా ఉంటే ఈ నాడులు చెడిపోతాయి. శరీరంలో అన్నిటికన్న పొడవైనవి పాదాలకు పోయే నాడులు. అందుచేత చెరుపు సాధారణంగా మొదట కాలివేళ్లలోనే కనబడుతుంది. తొలుత తిమ్మిరి, మంట, రాత్రివేళ చీమలు పాకినట్లుండడం. కొందరిలో కొంతకాలానికి అవికూడ పోతాయి. రోగి బాధ తగ్గిందని సంతోషిస్తాడు. నిజానికి పోయినది స్పర్శ! ఇక ఆ గులకరాయితోనే సాయంకాలందాకా నడవగలడు. పైగా చెమట తగ్గి చర్మం పగులుతుంది. రక్తనాళాలు సన్నబడితే గాయం త్వరగా మానదు.

నొప్పి చేసే మేలును మన పొరుగున వేలూరులో ఒక వైద్యుడు చక్కగా గ్రహించాడు. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో అక్కడి క్రిస్టియన్ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేశాడు. వారి వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పటి నమ్మకం. అది సరికాదనీ, స్పర్శ లేక కాల్చుకొనడం, కోసుకొనడం, ఒకేచోట మళ్లీమళ్లీ ఒత్తిడి పడడం ముఖ్య కారణాలనీ ఆయన చూపాడు. 1966లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రికి వెళ్లిన తరువాత ఇదే సూత్రాన్ని మధుమేహరోగుల పాదాలకు అన్వయించాడు. ఈనాడు మధుమేహరోగులు తొడిగే ఎం.సి.ఆర్. చెప్పుల మెత్తని రబ్బరును మొదట వాడినది కుష్ఠురోగుల కోసమే.

ఒత్తిడి సంగతి విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. 60 కిలోల మనిషి బరువు 100 చదరపు సెంటీమీటర్ల అరికాలిపై పరచుకొంటే ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 600 గ్రాములు. మడమ ఎత్తినప్పుడు అదే బరువు వేళ్లమొదట 20 చదరపు సెంటీమీటర్లపై పడితే 3 కిలోలు! అటువంటి చోటనే ఆనెకాయ లేస్తుంది. చెప్పులోని రాయివలెనే ఆనెకూడ ఒత్తుతుంది. దాని క్రింద తెలియకుండా పుండు పుట్టవచ్చును. దానిని బ్లేడుతో కోయరాదు, అంగడిలో దొరికే ఆనెమందు పెట్టరాదు. వైద్యునికి చూపవలెను.

మరి స్పర్శ తగ్గినవారు నడవవచ్చునా? ఒకప్పుడు వద్దనేవారు. క్రమంగా, జాగ్రత్తగా నడక పెంచినవారికి పుండ్లు ఎక్కువ కాలేదని 2008లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలింది. పుండు లేనివారు వైద్యుని అడిగి, పది నిమిషాలతో మొదలుపెట్టి, మెల్లగా వారానికి 150 నిమిషాలకు చేరవచ్చును. పుండుగాని, వాపుగాని, ఒక పాదం ఎర్రబడి వేడెక్కడంగాని ఉంటే నడక మానవలెను. పుండు లేనివారు కుర్చీలో కూర్చుండి చీలమండలను గుండ్రంగా త్రిప్పడం, వేళ్లను ముడిచి విప్పడం, మడమలను ఎత్తి దించడం పదేసిసార్లు చేస్తే కీళ్లు బిగుసుకొనవు. పోయిన స్పర్శ మాత్రం దీనితో తిరిగిరాదు.

స్పర్శ చేయవలసిన కాపలాను కన్నూ చేయీ చేయవలెను. ప్రతి రాత్రి అరికాళ్లు, వేళ్లసందులు, స్త్రీలైతే మెట్టెల క్రింద కూడ చూసుకొనవలెను. వంగలేనివారికి నేలమీద పెట్టిన అద్దం చాలు. మనుమడు చూసిపెడితే మరీ మంచిది. వేడినీళ్లను పాదంతో కాక మోచేతితో పరీక్షించవలెను. కడిగిన తరువాత వేళ్లసందులు తడిలేకుండా తుడిచి, ఆ సందులు తప్ప మిగతాచోట్ల కొబ్బరినూనె రాయవచ్చును. గోళ్లను తిన్నగా కత్తిరించవలెను. చెప్పులు కొనడం సాయంకాలం మేలు, పగలంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది గనుక. తొడిగేముందు బూటులో చేయిపెట్టి తడమవలెను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడి బండలమీద ప్రదక్షిణలు వద్దు. తెల్లవారుజామున చేసినా దేవుడు కాదనడు. పొగత్రాగడం మానకపోతే రక్తనాళాలకు ఈ జాగ్రత్తలేవీ సాయపడవు.

ఏడాదికొకసారైనా వైద్యుడు పాదాలను పరీక్షించవలెను. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలిపై ఆనించి, తెలుస్తున్నదా అని ఆయన అడుగుతాడు. తరువాత సెకనుకు 128 సార్లు కంపించే శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముకపై పెడతాడు. మన పాఠశాల ప్రయోగశాలలో ధ్వని పాఠానికి వాడేది ఇటువంటిదే. ఈసారి ఆ పాఠం చెప్పేటప్పుడు దాని కాడను విద్యార్థుల మణికట్టు ఎముకపై ఆనించి చూపండి.