సన్యాస నియమం – వైద్యవృత్తి: గుంటూరులో డాక్టర్ మేరీ గ్లౌరీ సేవ

ఉపోద్ఘాతం

కృష్ణా పశ్చిమ డెల్టాను ఆనుకొని ఉన్న గుంటూరులో స్త్రీలకు ఆధునిక వైద్యం అందించడంలో మిషనరీ వైద్యురాళ్ళ పాత్ర గణనీయమైనది. 1883లో ఇక్కడికి వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ అందుకు బాట వేశారు. తరువాతి దశకు చెందిన డాక్టర్ మేరీ గ్లౌరీ (1887–1957) క్యాథలిక్ కన్యస్త్రీ. ఆమె జీవితాన్ని కేవలం దయకు, త్యాగానికి ఉదాహరణగా చూడటం పరిపాటి. అయితే ఆమె కృషి చారిత్రక ప్రాధాన్యం తెలియాలంటే ఆనాటి శ్రీసభ నియమాలను కూడా పరిశీలించాలి.

నిషేధం – అనుమతి

పోపు ప్రత్యేక అనుమతి లేనిదే గురువులు, సన్యాసినులు వైద్యవృత్తి చేపట్టరాదని నాటి శ్రీసభ చట్టం నిర్దేశించింది. కన్యస్త్రీలు రోగులకు పరిచర్య చేసినా, ప్రసూతి వైద్యానికి దూరంగా ఉండవలసి వచ్చేది. మరోవైపు, ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పురుష వైద్యులను ఆశ్రయించేవారు కారు. లోకాచారం ఒకవైపు, మఠ నియమం మరొకవైపు అడ్డుపడగా, నష్టపోయినది ప్రసవవేదనలో ఉన్న స్త్రీ.

ఈ నిషేధం తొలగాలని కృషి చేసిన స్కాట్లాండ్ వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్ 1913లో మరణించారు. ఆమెను గురించిన చిన్న పుస్తకాన్ని గ్లౌరీ 1915లో మెల్‌బోర్న్‌లో చదివారు. అప్పటికే వైద్య పట్టభద్రురాలైన గ్లౌరీ, 1919లో ఎం.డి. పట్టం పొంది, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. నెదర్లాండ్స్‌లో 1822లో స్థాపితమైన జె.ఎం.జె. సభలో ప్రవేశించారు. సన్యాసినిగా ఉంటూనే వైద్యం చేయడానికి పోపు 15వ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కన్యస్త్రీలందరికీ వర్తించే అనుమతి 1936లో గాని రాలేదు.

వ్యక్తి నుండి వ్యవస్థకు

అనుమతి లభించినది ఒక్క వైద్యురాలికి. వైద్యం అవసరమైన వారు వేలమంది. అందువల్ల గ్లౌరీ స్థానిక స్త్రీలకు మందుల తయారీలోను, ప్రసూతి పనిలోను, రోగుల పరిచర్యలోను శిక్షణ ఇచ్చారు. చిన్న మందులశాల క్రమంగా సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. విడివిడిగా పనిచేస్తున్న క్యాథలిక్ వైద్యశాలలను ఒక్కతాటిపైకి తెచ్చేందుకు 1943లో ఆమె నెలకొల్పిన సంఘమే నేటి ‘క్యాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా’. దాని కేంద్ర కార్యాలయం ప్రస్తుతం సికింద్రాబాదులో ఉంది. క్యాథలిక్ వైద్య కళాశాల కావాలన్న ఆమె ఆకాంక్ష, ఆమె మరణానంతరం 1963లో బెంగళూరులో సెయింట్ జాన్స్ కళాశాలగా నెరవేరింది.

ముగింపు

1957 మే 5న బెంగళూరులో మరణించిన గ్లౌరీని క్యాథలిక్ శ్రీసభ 2013లో ‘దైవసేవకురాలు’గా ప్రకటించింది. మత గౌరవం అలా ఉండగా, సామాజిక చరిత్ర దృష్ట్యా ఆమె కృషిలో మూడు దశలు స్పష్టంగా కనిపిస్తాయి: వ్యక్తిగత అనుమతి, స్థానిక స్త్రీల శిక్షణ, సంస్థల సమాఖ్య. ఆమె తరువాత కూడా పేదలకు వైద్యం కొనసాగడానికి ఆధారమైనవి చివరి రెండు దశలే. కనుక డెల్టా ప్రాంత వైద్య చరిత్రను రచించేటప్పుడు ఆమెతోపాటు, ఆమె వద్ద పని నేర్చిన తెలుగు స్త్రీల శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.